రేసు వాచీ ఎవరి చేతికి?

"అమ్మా, ఈసారి పుట్టినరోజుకి నాకు బట్టలొద్దు. వాచీ కొనిపెట్టు" అన్నాడు మావాడు.

టెక్కలిలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. రోజూ కాశీబుగ్గ నుంచి మోటారు సైకిలు మీద వెళ్లి వస్తుంటాడు. వాచీ అంటే ఎంతలే, వెయ్యి రూపాయల్లో వస్తుంది కదా అనుకుని సరేనన్నాను. తీరా ఫోన్లో బొమ్మ చూపించాక నోట మాట రాలేదు. తొమ్మిది వేల రెండు వందలు! మా ఇంట్లో రెండు నెలల పచారీ సామాను అదే డబ్బుతో వస్తుంది.

"ఇది ఆటోమాటిక్ అమ్మా. సెల్లు అక్కర్లేదు. రేసు కార్ల డిజైను. కంపెనీ వాచీల్లో ఇదే చవక. అసలైన రేసు వాచీలు లక్షల్లో ఉంటాయి" అని పాఠం మొదలెట్టాడు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల పందెం జరిగింది చూడండి, ఆ రోజు టీవీ ముందు నుంచి లేవలేదు. ఈ రేసు పిచ్చి అప్పుడు అంటుకున్నదే.

వాళ్ల నాన్నగారు యథాప్రకారం "మీ అమ్మ ఎలా అంటే అలా" అని పేపరు చాటుకి వెళ్లిపోయారు. నేను కాసేపు ఆలోచించి ఒక షరతు పెట్టాను. "కొంటాను. కానీ మొదటి నెల నేను పెట్టుకుంటా. తొమ్మిది వేలకి తగ్గ సరుకో కాదో నా చేతితో చూసుకుని అప్పుడు నీకిస్తా."

వాడు నవ్వాడు. "అది మగవాళ్ల వాచీ అమ్మా" అన్నాడు.

ఇదిగో, ఆ మాటే నా చేత ఈ నాలుగు ముక్కలూ రాయిస్తోంది.

పైన చూస్తే...

వాచీ వచ్చింది. ముందు పై మెరుగుల సంగతి చెబుతాను. నల్లటి డయల్. దాని మీద సెకన్ల ముల్లు ఎర్రగా ఉంటుంది. అంచున పందెం జెండా మాదిరి నలుపూ తెలుపూ గళ్లు. తోలు బెల్టుకి వరసగా చిల్లులు. అవి రేసు డ్రైవర్ల చేతి తొడుగుల్ని గుర్తు చేయడానికట! డయల్ మీద రెండు చిన్న డయల్స్ కూడా ఉన్నాయి. స్టాప్‌వాచీ అనుకుని అటూ ఇటూ నొక్కి చూశాను. నొక్కడానికి మీటలే లేవు! ఒకటి ఇరవై నాలుగు గంటల లెక్క చూపిస్తుంది, రెండోది వారం పేరు చూపిస్తుంది. అంటే చూపుకి మాత్రం స్టాప్‌వాచీ, పనికి మాత్రం క్యాలెండరు. చవక రేసు వాచీల్లో చాలావాటికి ఇదే వరస. కొనేముందు షాపతన్ని "ఈ చిన్న ముళ్లు ఏం చేస్తాయి?" అని అడగండి. నీళ్లు నమిలితే అర్థం చేసుకోండి.

డయల్ చుట్టూ 60 నుంచి 400 వరకు అంకెలు వేసి ఉన్నాయి. ఇవి గంటలూ కావు, నిమిషాలూ కావు. దీన్ని టాకీమీటర్ అంటారని మావాడు చెప్పాడు. వేగం కొలిచే సాధనం. లెక్క చాలా తేలిక. ఒక కిలోమీటరు వెళ్లడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 3600ను దానితో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్ల వేగమో తేలుతుంది. ఆ భాగహారం మనం చేయక్కర్లేకుండా అంకెలు ముందే అచ్చువేశారు. నిమిషం పడితే అరవై. నలభై అయిదు సెకన్లు పడితే ఎనభై. నలభై పడితే తొంభై. అసలు వాచీల్లో మీట నొక్కితే ముల్లు సున్నా నుంచి కదులుతుంది. మీట లేని మన వాచీలో, మామూలు సెకన్ల ముల్లు పన్నెండు దగ్గరకి వచ్చిన క్షణానే కిలోమీటరు రాయి ఎదురుపడితేనే కుదురుతుంది. లేదా మనమే సెకన్లు లెక్కపెట్టుకోవాలి.

పని ఉండి టెక్కలి బస్సెక్కినప్పుడు కిటికీ పక్కన కూర్చుని ప్రయత్నించాను. నందిగాం దాటేదాకా కుదర్లేదు. ఆ తర్వాత ఒక రాయికీ ఇంకో రాయికీ మధ్య యాభై రెండు సెకన్లు వచ్చింది. అంటే దగ్గర దగ్గర అరవై తొమ్మిది. పక్క సీటామె "ఏటమ్మా, ఆ వాచీని అలా సూస్తన్నావు, బస్సు లేటా?" అంది. "లేదు తల్లీ, బస్సు బేగి ఎల్తందా లేదా అని" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

సరదాగా ఉంది గానీ, ఇవన్నీ పైపై అలంకారాలు. వీటికి వందల్లో ఇవ్వొచ్చేమో గానీ వేలల్లో ఇవ్వాల్సిన పని లేదు. మరి తొమ్మిది వేలు దేనికి?

లోపల చూస్తే...

ఆటోమాటిక్ వాచీ లోపల అర్ధచంద్రాకారంలో ఒక బరువు బిళ్ల ఉంటుంది. మన చెయ్యి కదిలినప్పుడల్లా అది గిర్రున తిరుగుతుంది. ఆ తిరుగుడు చిన్న చిన్న పళ్లచక్రాల ద్వారా స్ప్రింగును చుడుతుంది. ఆ స్ప్రింగు మెల్లగా విడిపోతూ ముళ్లను నడుపుతుంది. సెల్లూ లేదు, కరెంటూ లేదు. చేతి గడియారానికి ఈ ఏర్పాటు చేసి 1920లలో పేటెంటు తీసుకున్నది జాన్ హార్వుడ్ అనే ఇంగ్లీషు వాచీ మెకానిక్కు. వందేళ్లయినా సూత్రం మారలేదు.

సెకన్ల ముల్లుని గమనించండి. సెల్లు వాచీలో సెకనుకొక గెంతు గెంతుతుంది. దీంట్లో సెకనుకి ఆరు చిన్న చిన్న అడుగులు వేస్తుంది కాబట్టి నీళ్ల మీద జారినట్టు కనిపిస్తుంది. చెవి దగ్గర పెట్టుకుంటే టిక్కుటిక్కుమని గబగబా శబ్దం. చెప్పొద్దూ, మొదటి రాత్రి దిండు కింద పెట్టుకుని చాలాసేపు వింటూనే ఉన్నాను.

ఇక పరీక్ష. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఫోన్లో టైముతో సరిచూసి క్యాలెండరు మీద రాసుకున్నాను. సగటున రోజుకి పన్నెండు సెకన్లు ముందుకు పోతోంది. అయ్యో, అంత తప్పా అంటారా? ఈ ధరలో వచ్చే ఆటోమాటిక్‌లకు రోజుకి ఇరవై సెకన్లు వెనక్కీ, నలభై సెకన్లు ముందుకీ పోవడం కంపెనీవాళ్లే ఒప్పుకునే హద్దు. సెల్లు వాచీ నెల మొత్తం మీద కూడా అంత తప్పు పోదు. కచ్చితమైన టైమే కావాలంటే ఆరు వందల సెల్లు వాచీ ఈ తొమ్మిది వేల వాచీని సునాయాసంగా ఓడిస్తుంది. ఇది షాపువాళ్లు చెప్పరు, నేను చెబుతున్నాను.

రెండో పరీక్ష. శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి తీసి బీరువాలో పెట్టాను. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకి చూస్తే ఆగి ఉంది. అంటే నలభై గంటల లోపు. ఇదీ మామూలే. చేతికి పెట్టుకోకపోతే అలిగి కూర్చునే వాచీ ఇది!

మూడో పరీక్షే అసలైంది. వారం రోజులు నేను పెట్టుకున్నాను. ఇంకో వారం మావాడికి ఇచ్చాను, సెలవులు కదా అని. వాడు పడుకుని ఫోను చూసేవాడు, కూర్చుని ఫోను చూసేవాడు. నాలుగో రోజు తెల్లారేసరికి వాచీ ఆగింది. "రిపేరు వచ్చిందమ్మా, వెనక్కిచ్చేద్దాం" అన్నాడు. నేను తీసుకుని పెట్టుకుని, వాకిలి ఊడ్చి, ముగ్గేసి, రుబ్బురోలు కడిగి, బట్టలు ఉతికి ఆరేసి చూస్తే, నిక్షేపంగా నడుస్తోంది! నా దగ్గర ఉన్నన్ని రోజుల్లో, నేను కావాలని బీరువాలో పెట్టినప్పుడు తప్ప, ఒక్కసారీ ఆగలేదు.

మగవాళ్ల వాచీ అన్నాడు కదా. నడిపించింది మాత్రం ఆడదాని చెయ్యి.

జీడి చేతులు

ఈ సంగతి మా వీధిలో ఉండే జీడిపప్పు పనికి వెళ్లే ఆడవాళ్లకి చెప్పాను. పలాస, కాశీబుగ్గ అంటేనే జీడిపప్పు కదా. పిక్కలు పగలగొట్టడం, పొట్టు తీయడం, గుండూ బద్దా వేరుచేసి గ్రేడింగ్ చేయడం, వీటిల్లో ఎక్కువ పని ఆడవాళ్లదే. పొద్దుట వెళ్తే సాయంత్రం దాకా మణికట్టు ఆగదు. వాళ్లలో ఒకామె వాచీని తిప్పి తిప్పి చూసి, "మా సేతికెడితే ఇది సచ్చినా ఆగదు కదమ్మా!" అంది.

అక్షరాలా నిజం. కానీ వాళ్లలో ఒక్కరి చేతికీ వాచీ లేదు. అడిగితే, "జీడి అంటుకుంటాది" అన్నారు. పిక్క పగిలేటప్పుడు కారే జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. వేళ్లన్నీ నల్లగా మచ్చలు. ఇక తోలు బెల్టు ఏం నిలుస్తుంది? పైగా పనికి లెక్క కిలోల్లో, గంటల్లో కాదు. "మాకు టైమెందుకమ్మా, తూకం కావాలి గానీ" అంది ఇంకొకామె.

ఆ మాట నన్ను చాలారోజులు వదల్లేదు. ఎన్ని గంటలు కూర్చుంటే అన్ని కిలోలు అయ్యాయో ఆమె దగ్గర లెక్క లేదు. ఆ లెక్క తెలిస్తే గంటకి తన కష్టం ఖరీదెంతో తెలుస్తుంది. పది రూపాయలు పెంచమని అడగడానికి ఒక ఆధారం ఉంటుంది. దానికి తొమ్మిది వేల వాచీ అక్కర్లేదు, గోడ గడియారమైనా చాలు. కానీ చూసి రాసుకోవాలి. టైము మనకెందుకు అనుకున్నంతకాలం మన టైముకి విలువ కట్టేది ఎదుటివాళ్లే.

అప్ప చేతికి వచ్చిన వాచీ

మా వైపు అక్కని అప్ప అంటాం. మా అప్పని ఉద్దానంలో ఒక తీర గ్రామానికి ఇచ్చారు. కొబ్బరి తోటలు, జీడి తోటలు, పనస చెట్లు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. 1988లో పెళ్లిలో మా నాన్న బావగారికి హెచ్.ఎం.టి. వాచీ పెట్టారు. రోజూ పొద్దున్నే కీ ఇచ్చుకునే రకం. ఆ రోజుల్లో పెళ్లికొడుక్కి వాచీ, సైకిలు, రేడియో పెట్టకపోతే మర్యాద కాదు. హెచ్.ఎం.టి. వాళ్లు జపాను సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో వాచీలు మొదలుపెట్టారు. ఒక తరం పెళ్లికొడుకులందరి చేతికీ అవే. 2016లో ఆ వాచీల కంపెనీని మూసేయాలని కేంద్ర ప్రభుత్వం నిర్ణయించినప్పుడు మా బావగారు ఇంట్లో మనిషి పోయినట్టు బాధపడ్డారు.

మరి పెళ్లికూతురికి? మా అప్పకి గాజులు పెట్టారు. వాచీ పెట్టాలని ఎవరికీ తోచలేదు. నాకు పెళ్లయ్యేనాటికి 'లేడీస్ వాచీ' వచ్చింది. చింతగింజంత డయల్, మీద అంకెలు లేవు, గొలుసు లాంటి చైను. అందులో టైము చూడాలంటే వెలుతురులోకి పరిగెత్తాలి! మగవాళ్లకి యంత్రం ఇచ్చి, మనకి నగ ఇచ్చారు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. ఫోన్లన్నీ చార్జింగు లేక చచ్చిపోయాయి. అప్పుడు అప్ప వాళ్ల ఇంట్లో టైము చెప్పింది బావగారి చేతి కీ వాచీయే. నీళ్ల ట్యాంకరు ఎన్నింటికి వస్తుందో చూసుకోవడానికి చుట్టుపక్కలవాళ్లు వచ్చి అడిగేవారట.

ఆ తర్వాత బావగారికి కిడ్నీ జబ్బు బయటపడింది. ఉద్దానంలో ఇది కొత్త మాట కాదు. ఎన్ని ఇళ్లు చూశాం! ఎందుకొస్తుందో ఇప్పటికీ ఒక్క కారణం తేల్చి చెప్పలేకపోతున్నారు. డయాలసిస్‌కి ముందు ఎడమ చేతికి చిన్న ఆపరేషను చేసి, రక్తనాళాలు కలిపారు. ఫిస్టులా అంటారు. అక్కడి నుంచే రక్తం మిషనులోకి వెళ్లి శుభ్రపడి తిరిగొస్తుంది. ఆ చేతికి వాచీ పెట్టకూడదు, గాజులు బిగించకూడదు, బి.పి. పట్టీ కట్టకూడదు, దాని మీద తల పెట్టి పడుకోకూడదు అని డాక్టరు మరీ మరీ చెప్పారు. బిగుతైతే రక్తం ఆగి ఆ దారి మూసుకుపోతుంది. ఆడవాళ్లూ, మీ ఇంట్లో ఎవరికైనా ఫిస్టులా ఉంటే ఈ మాట గుర్తుంచుకోండి. నేను ఏ వాచీ గురించి ఎన్ని చెప్పినా ఇంతకంటే ముఖ్యమైన మాట లేదు.

కుడిచేతికి పెట్టుకోమంటే బావగారికి అలవాటు లేదు. వాచీ విప్పి అప్ప చేతిలో పెట్టారు. అప్పటినుంచి అది ఆమె చేతికే ఉంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. వారానికి మూడుసార్లు వెళ్లి రావాలి. పడుకోబెట్టాక సుమారు నాలుగు గంటలు. ఎన్నింటికి బయల్దేరాలి, ఏ బస్సు దొరుకుతుంది, మందు ఎన్నింటికి, రోజంతా ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారు, అన్నీ అప్ప లెక్కే. ముప్పై ఏళ్లు బావగారి చేతికి అలంకారంగా ఉన్న వాచీ ఇప్పుడు నిజంగా పనిచేస్తోంది.

నా చేతికి ఉన్న రేసు వాచీ చూసి అప్ప అంది కదా, "సెల్లీ, నీది కీ ఇవ్వక్కర్లేదా? అలాటిది నాకైతే బాగున్ను. పొద్దుట లేచిన కాణ్ణుంచి కీ ఇవ్వడానికి తీరికేదీ?"

కొనొచ్చా, కొనకూడదా?

నెల రోజులు అయ్యాక నా అభిప్రాయం ఇది. రేసు బొమ్మలకి డబ్బివ్వకండి. చేతి కదలికతో నడిచే యంత్రానికి ఇవ్వండి. ఆ యంత్రాన్ని ముందు పనిచేసే చేతికి పెట్టండి.

అదే ధరలో గళ్లూ, చిన్న డయల్సూ లేని సాదా ఆటోమాటిక్‌లు కూడా దొరుకుతాయి. లోపల మిషను చాలాసార్లు అదే. మావాడి వాచీ అడ్డంగా నలభై రెండు మిల్లీమీటర్లు. నా మణికట్టు మీద అట్లపెనం పెట్టినట్టుంది. మనకి ముప్పై నాలుగు, ముప్పై ఆరు మిల్లీమీటర్లది సరిపోతుంది. అంకెలు పెద్దగా, ముళ్లు లావుగా ఉండాలి. చీకట్లో మెరిసేవైతే మరీ మంచిది. లేడీస్ అరలో లేకపోతే మగవాళ్ల అరలో అడగండి. షాపతను ఎగాదిగా చూస్తే చూడనివ్వండి.

తోలు బెల్టు మన తీరానికి పనికిరాదు. ఎన్ని చిల్లులున్నా చెమటకీ, ఉప్పుగాలికీ ఏడాదిలో కుళ్లి వాసనొస్తుంది. రబ్బరుదో, నైలానుదో వేయించుకోండి, నీళ్లలో జాడించి ఆరేసుకోవచ్చు. వెనక 50 మీటర్లు అని రాసుంటే యాభై మీటర్ల లోతుకి దిగొచ్చని కాదు. చేతులు కడుక్కోవడానికీ, వానలో తడవడానికీ ఫరవాలేదని. బట్టలుతకడం, నీళ్ల పని ఎక్కువైతే 100 మీటర్లది చూసుకోండి. కీ పుల్ల లోపలికి నొక్కి ఉందో లేదో చూసుకోకపోతే ఎన్ని మీటర్లున్నా నీళ్లు దూరతాయి.

కొన్ని చవక ఆటోమాటిక్‌లకి కీ ఇచ్చే సదుపాయం ఉండదు. ఆగితే చేత్తో ఊపాలి. కీ కూడా ఇవ్వగలిగేది తీసుకోండి. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజామున మూడు దాకా తేదీ మార్చకండి, ఆ టైములో తేదీ చక్రాలు పట్టుకుని ఉంటాయి, పళ్లు విరుగుతాయి. స్పీకరు మీదా, అయస్కాంతం ఉన్న హ్యాండుబ్యాగు మూత దగ్గరా పెట్టకండి. అయస్కాంతం పడితే వాచీ పరిగెత్తడం మొదలెడుతుంది.

అన్నింటికన్నా ముందు, మీ ఊళ్లో దీన్ని విప్పగల మెకానిక్కు ఉన్నాడా? ఐదారేళ్లకోసారి విప్పి, తుడిచి, నూనె వేయాలి. సెల్లు మార్చడం వచ్చినవాళ్లంతా ఈ పని చేయలేరు. మా కాశీబుగ్గలో ఒక ముసలాయన కంటికి భూతద్దం పెట్టుకుని ఇప్పటికీ చేస్తున్నారు. "ఇలాటియి తెచ్చేవోళ్లే లేరమ్మా" అని సంతోషంగా వెనక మూత తీసి చూపించారు. ఆయన లాంటివారు లేని చోట ఈ వాచీ ఎంత చవకైనా ఖరీదే.

ఇవన్నీ కుదిరితే కొనండి. కుదరకపోతే ఆరు వందల సెల్లు వాచీతో మీకే లోటూ లేదు.

ముప్పై ఎనిమిది సెకన్లు

ఒక మాట మిగిలింది. నెల పూర్తవుతుండగా టెక్కలి నుంచి వస్తూ మావాడి బండెక్కాను. "ఎంత స్పీడులో వెళ్తావురా?" అంటే, "డెబ్బై దాటనమ్మా" అన్నాడు. హైవే మీద చీర చెంగు బిగించుకుని, ఒక రాయి దగ్గర మొదలుపెట్టి సెకన్లు లెక్కపెట్టాను. తర్వాతి రాయి వచ్చేసరికి ముప్పై ఎనిమిది. డయల్ అంచున చూస్తే తొంభై అయిదు దగ్గర ఉంది. అలంకారం అనుకున్న అంకెలు అప్పుడు నాకు నిజం చెప్పాయి. వెనక అమ్మ కూర్చుంటేనే తొంభై అయిదైతే, ఒంటరిగా ఉన్నప్పుడో?

ఇంటికొచ్చాక నేను కేకలెయ్యలేదు. ఈ రేసు వాచీల కథ చెప్పాను. మెక్సికోలో 1950 నుంచి 1954 దాకా రోడ్ల మీద కరెరా పానమెరికానా అనే కార్ల పందెం జరిగేది. ఎందరో చనిపోయారు. ఆపేశారు. ఆ పందెం గురించి రోడ్రిగెజ్ అన్నదమ్ముల తల్లిదండ్రులు చెప్పగా విని, జాక్ హోయర్ అనే స్విస్ వాచీ కంపెనీ యజమాని 1963లో తన కొత్త వాచీకి కరెరా అని పేరు పెట్టాడు. ఆ అన్నదమ్ములిద్దరూ రేసు డ్రైవర్లే. చిన్నవాడు రికార్డో 1962లో ఇరవై ఏళ్లకే పోయాడు. పెద్దవాడు పెడ్రో 1971లో పోయాడు. ఇద్దరూ పందెం కార్లలోనే. వాచీకి పేరు మిగిలింది. ఆ తల్లికి మిగిలిందేమిటి?

ఇంకో కథా చెప్పాను. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్‌కి కార్ల పందేల పిచ్చి. ఆయన భార్య జోన్ వుడ్‌వర్డ్ రోలెక్స్ డేటోనా వాచీ కొనిచ్చి, వెనక మూత మీద జాగ్రత్తగా నడపమని చెక్కించింది. 2017లో న్యూయార్క్‌లో ఆ వాచీ వేలం వేస్తే కోటీ డెబ్బై ఏడు లక్షల డాలర్లు పైన పలికింది. ఆ వాచీలు లోకంలో ఇంకా ఉన్నాయి. కానీ దీని మీద ఉన్నది ఒక భార్య మాట.

మావాడు తల వంచుకుని విన్నాడు. ఏమీ అనలేదు.

మర్నాడు ఆ ముసలాయన దగ్గరకెళ్లి వెనక మూత విప్పించాను. అదిరితే మిషను పాడవుతుంది కాబట్టి మూత ఒక్కటే పట్టుకుని, స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కే కొట్టుకెళ్లాను. "ఏం రాయమంటారమ్మా, ఇంటిపేరా?" అన్నాడు కుర్రాడు. కాదన్నాను. "బేగి రాకు, బాగా రా. అమ్మ" అని రాయించాను. అతను నవ్వి, డబ్బులు పుచ్చుకోలేదు.

పుట్టినరోజునాడు వాచీ మావాడి చేతికి పెట్టాను. తోలు బెల్టు తీసేసి రబ్బరుది వేయించాను. వాడు మూత తిప్పి చూసుకుని, "దీన్ని రోజూ చూడాలంటే వాచీ విప్పాలి కదమ్మా" అన్నాడు. "బండెక్కే ముందు విప్పి చూడు" అన్నాను. ఇప్పుడు టెక్కలి నుంచి రావడానికి మునుపటికన్నా పది నిమిషాలు ఎక్కువ పడుతోంది. నేను గుమ్మంలో నిలబడి లెక్కపెడుతున్నాను కాబట్టి తెలుసు.

నా చెయ్యి ఇప్పుడు బోసిగా ఉంది. పొదుపు డబ్బాలో నెలకి ఎనిమిది వందలు వేస్తున్నాను, మా ఆయనకి తెలియకుండా కాదు, తెలిసేటట్టే. ముప్పై ఆరు మిల్లీమీటర్లు, పెద్ద అంకెలు, గళ్లూ జెండాలూ లేని సాదా ఆటోమాటిక్. మొదటిది మా అప్పకి. రెండోది నాకు.